విభూదికి ముందురోజు

తెలుగులో విభూది అనే మాట రెండు ఇళ్ళలో కాపురముంటుంది. మా ఇంట్లో అది శివరాత్రినాటి మాట. పూజ ముగిసిన తరువాత మా నాయనగారు మూడు వేళ్ళతో మా నుదుట అడ్డంగా తీర్చేవారు. నా స్నేహితురాలి ఇంట్లో అది ఒక బుధవారానికి పేరు. కతోలిక క్రైస్తవులు తపస్సుకాలం ఆరంభించే దినాన్ని విభూది బుధవారం అంటారు. కిందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారంనాడు చేతపట్టుకున్న మట్టలను దాచి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదతో ఫాదరుగారు నుదుట సిలువ గుర్తు వేస్తారు. అప్పటినుంచి ఈస్టరు పండుగ వరకు నలభై రోజులు, నడుమ వచ్చే ఆదివారాలను లెక్కలో చేర్చకుండా, ఉపవాసంతోనూ ప్రార్థనతోనూ దానధర్మాలతోనూ గడుపుతారు.

2026లో ఈ రెండు విభూదులూ ఇరుగుపొరుగుగా వచ్చాయి. ఫిబ్రవరి 15 ఆదివారం శివరాత్రి. 18 బుధవారం తపస్సుకాలానికి మొదలు. రంజాన్ ఉపవాసాలు కూడా ఆ వారంలోనే ఆరంభమయ్యాయి. బెంగుళూరులో మేముండే వీధిలో ఆ వారం ఎవరి ఇంట పొయ్యి ఏ వేళకు వెలుగుతుందో చెప్పడం కష్టమైంది. నేను జాగరణ ముగించి, సోమవారమంతా నిద్రపోయి, మంగళవారం ఉదయానికి మామూలు మనిషినయ్యాను. సరిగ్గా ఆనాడే నా స్నేహితురాలు ఫోను చేసింది.

ఆమె గురించి కొంచెం చెప్పాలి. ముప్ఫై ఏళ్ళనాడు మేమిద్దరం ఒకే వఠారంలో ఎదురెదురు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆమె జయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సు. నాకంటే రెండేళ్ళు పెద్దది కనుక అక్కా అంటాను. ఆమె నన్ను ఎప్పుడూ పేరుతో పిలవదు, టీచరమ్మా అంటుంది. వాళ్ళ తాతగారు చిత్తూరు జిల్లానుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చారు. తండ్రి కూడా ఆ గనుల్లోనే చేశారు. అందువల్ల ఆమె మాటలో చిత్తూరు తెలుగుంటుంది, బజారులో కన్నడముంటుంది, ఇరుగుపొరుగుతో తమిళం కూడా వస్తుంది. ప్రార్థన మాత్రం తెలుగులోనే. దేవుడికి అన్ని భాషలూ వస్తాయి గాని నాకు ఏడుపు వచ్చేది తెలుగులోనే అంటుంది.

ప్రతి ఏడూ తపస్సుకాలానికి ముందురోజున ఆమె నన్ను ఎక్కడికైనా తీసుకొనిపోతుంది. మరునాటినుంచి ఏది మానుకోబోతుందో దాన్ని ఆ రోజున తృప్తిగా అనుభవిస్తుంది. ఆమె మానుకొనేది కాఫీ. మాంసం మానడం తేలిక, నాకు దానిమీద పెద్ద మోజు లేదు. రాత్రి డ్యూటీలు చేసిన నర్సుకు కాఫీ మానడమే తపస్సు అని ఆమె లెక్క. ఆదివారాలు నలభైలో చేరవు గదా, ఆ రోజుల్లో తాగవచ్చునే అని ఒకసారి అడిగాను. "ఆదివారం కాఫీకోసం ఆరు రోజులు కాచుకొని కూర్చుంటే అది ఉపవాసమెట్లయితుంది? బస్సుకోసం నిలబడినట్లయితుంది" అన్నది.

ఈసారి ఎక్కడికక్కా అన్నాను. "లాల్‌బాగుకు. ఉండగానే చూసి వద్దాం రా."

ఉండగానే అన్న మాట నాకు నచ్చలేదు. కాని ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. దాని సంగతికి తరువాత వస్తాను. ముందు తోట చూద్దాం.

లాల్‌బాగు మీలో కొందరికి పరిచితమే కావచ్చు. దూరపు ఊళ్ళవారు జనవరిలోనో ఆగస్టులోనో పూల ప్రదర్శనకు వచ్చి గాజు ఇల్లు చూసి, జనం తోపులాటలో సగం తోట చూడకుండానే వెళ్ళిపోతారు. తోటను చూడవలసింది ప్రదర్శన ముగిసిన తరువాత, ఏ విశేషమూ లేని ఒక మంగళవారం ఉదయాన. మేము పడమటి ద్వారంనుంచి ప్రవేశించాం. అప్పటికే నడకకు వచ్చినవాళ్ళు సగంమంది తిరుగుముఖం పట్టారు. తోటమాలులు గొట్టాలతో నీళ్ళు పడుతున్నారు. తడిసిన మట్టివాసన, దానిమీద మామిడిపూత వాసన, దూరంనుంచి ఎండుటాకులు ఊడుస్తున్న చప్పుడు.

ఫిబ్రవరిలో బెంగుళూరు చెట్లకు ఆకులకంటే పూలమీద శ్రద్ధ ఎక్కువ. టబేబుయా అనే చెట్టు ఒకటుంది. దక్షిణ అమెరికానుంచి వచ్చింది. ఆకులన్నీ రాల్చివేసి, ఒంటినిండా పసుపురంగు పూలు పూసి నిలబడుతుంది. ఒక్క ఆకు కూడా అడ్డం రాదు. ఇంతకాలంగా మన మధ్యన ఉన్నా దానికి తెలుగులో ఒక వాడుక పేరు పుట్టలేదు. నా స్నేహితురాలు మాత్రం దాన్ని పేరంటం చెట్టు అంటుంది. రాలిన పూలు చెట్టుకింద గుండ్రంగా పరుచుకొని, పసుపు రాసిన గడపలా కనిపిస్తాయి. ఆ పేరును ఏ నిఘంటువైనా చేర్చుకుంటే నాకు సంతోషం.

కొంతదూరం పోగానే నాగలింగం చెట్టు. దీని పూలు కొమ్మల చివర పూయవు. మానుకే, బెరడులోనుంచే వేలాడే రెమ్మలకు పూస్తాయి. పూవు మధ్యన చిన్న లింగంలాంటి గుండ్రని భాగం, దానిమీద పడగ పట్టినట్టు వంగిన కేసరాల గుంపు. కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి. ఇదీ దక్షిణ అమెరికా చెట్టే. సముద్రాలు దాటి వచ్చి మన శివాలయాల ముంగిట చోటు సంపాదించుకున్నది. కింద రాలిన పూవు ఒకటి ఏరి స్నేహితురాలు నా చేతిలో పెట్టింది. "మీ శివరాత్రి మిగులు" అన్నది. ఆ పూవు వాసన సాయంత్రంవరకు నా అరచేతిని వదలలేదు.

ఈ తోట పుట్టినప్పుడు ఇవేవీ ఇక్కడ లేవు. 1760లో హైదర్ అలీ దీన్ని నలభై ఎకరాల ఉద్యానంగా వేయించాడు. టిప్పు సుల్తాను దూరదేశాలనుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి పెంచాడు. 1799లో టిప్పు మరణించిన తరువాత తోట ఆంగ్లేయుల చేతికి పోయి, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. గాజు ఇంటికి 1889లో పునాదిరాయి వేశారు. 1908నుంచి 1932వరకు క్రుంబిగల్ అనే జర్మన్ ఉద్యానవేత్త దీనిని తీర్చిదిద్దాడు. ఇప్పుడు తోట 240 ఎకరాలు. రాజులు మారారు, దొరలు మారారు, ప్రభుత్వాలు మారాయి. వచ్చిన ప్రతివారూ తోటను పెంచారే గాని, దున్నివేసి మరేదో కట్టుకుందామని అనుకోలేదు. చరిత్రలో ఇది చాలా అరుదు.

తెల్లబూరుగ మాను దగ్గర ఒక చిన్నపిల్ల తన అవ్వను కన్నడంలో ప్రశ్నలతో వేధిస్తున్నది. ఆ మాను వేళ్ళు గోడల్లాగా మనిషి ఎత్తున లేచి ఉంటాయి. పిల్లలు దాక్కొనేటంత సందులు. మేము ఆ పిల్ల ప్రశ్నలు వింటూ నడిచాం. కెరె ఎక్కడుంది, హూవు ఎందుకు కోయకూడదు అని అడుగుతున్నది. భాష చెప్పేవారికి చెవి ఊరుకోదు. కన్నడంలో కెరె మనకు చెరువు. కివి మనకు చెవి. కై మనకు చెయ్యి. వాళ్ళ ‘క’కారం ఇలాంటి మాటల్లో మన నోట ‘చ’కారమైంది. హూవు మన పువ్వే. ఈ మార్పు మాత్రం కన్నడంలో జరిగింది, పాత పకారం హకారమైంది. ఇక తోట అంటే అక్కడా తోటే, ఇక్కడా తోటే. కర్ణాటకలో చదువుకొనే తెలుగుపిల్లలు కన్నడాన్ని మరొక సబ్జెక్టుగా చూస్తారు గాని, అది ఒక తల్లి కడుపున పుట్టిన తోబుట్టువని వీధిలో నాలుగు మాటలు వింటే తెలుస్తుంది. ఇది ఇక్కడ చెప్పవలసిన సంగతి కాదేమో. కాని నడకలో వచ్చింది, నడకలోనే చెప్పాను.

చివరకు బండ చేరాం. లాల్‌బాగులో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించేది పూలను కాదు, ఈ బండను. దూరానికి బోసిగుండులా కనిపించే రాతిమెట్ట. దాని నెత్తిన కెంపేగౌడ గోపురం. నగరాన్ని నిర్మించిన కెంపేగౌడ వంశంవారు నాలుగు దిక్కులా కట్టించినవని చెప్పే గోపురాల్లో ఒకటి. ఊరు ఈ గోపురాలను దాటదని ఒకప్పటి అంచనా అంటారు. ఇప్పుడు దానిపక్కన నిలబడి ఏ దిక్కుకు చూసినా ఊరే.

ఈ రాయి వయసు దాదాపు మూడువందల కోట్ల సంవత్సరాలు. మరొకసారి చదవండి: మూడువందల కోట్లు. భూమి పుట్టి దాదాపు నాలుగువందల యాభై కోట్ల సంవత్సరాలైందంటారు గనుక, భూమి వయసులో మూడింట రెండు వంతుల కాలంగా ఈ రాయి ఉన్నదన్నమాట. దక్షిణాదిలో విస్తారంగా పరుచుకొని ఉన్న ఈ జాతి శిలకు మైసూరు భూగర్భశాఖకు చెందిన స్మీత్ 1916లో ‘పెనిన్సులార్ నైస్’ అని పేరు పెట్టాడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ బండను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. చారలు చారలుగా, పిండి కలిపేటప్పుడు పూర్తిగా కలవని రెండు రంగుల ముద్దలా ఉంటుంది. ఎండ ఎక్కకముందు దానిమీద కూర్చుంటే చల్లగా ఉంటుంది.

మేము కూర్చున్నాం. అప్పుడు వచ్చింది ఆ సంగతి.

ఉత్తరాన హెబ్బాళ కూడలినుంచి దక్షిణాన సిల్క్ బోర్డు కూడలివరకు, నగరం కింద దాదాపు 17 కిలోమీటర్ల సొరంగమార్గం వేయాలని ప్రభుత్వం తలపెట్టింది. ఆ మార్గంలోకి వాహనాలు దిగడానికి, పైకి రావడానికి ఏటవాలు దారులు కావాలి. అలాంటి దారి ఒకటి లాల్‌బాగు అంచున వస్తుందని, అందుకు తోటలో ఆరెకరాలదాకా కావాలని 2025లో తెలిసింది. ఊరు అట్టుడికిపోయింది. నడకకు వచ్చేవాళ్ళు, శాస్త్రవేత్తలు, విద్యార్థులు, రాజకీయ పక్షాలవారు తోటలో సమావేశమయ్యారు. బండకు, భూగర్భ జలానికి ఏమవుతుందని భూగర్భ శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. తోటకు నష్టం లేకుండా వేరేచోటు చూస్తామని ప్రభుత్వం తరఫున మాట కూడా వచ్చింది. కాని ఒకసారి పటంలో గీత పడిన తరువాత ఎవరికి నిద్ర పడుతుంది?

"ఇదంతా అన్యాయం" అన్నాను నేను, సహజంగానే.

స్నేహితురాలు వెంటనే ఒప్పుకోలేదు. ఆమె ఇప్పుడు హెబ్బాళ వైపు ఉంటుంది. ఉద్యోగంలో చివరి పదిహేనేళ్ళూ అక్కడినుంచి జయనగరానికి బస్సులో వచ్చి పోయింది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. "నీకు బడి పక్కవీధి టీచరమ్మా. నా బ్రతుకులో ఎన్ని ఏండ్లు బస్సులో పోయినాయో లెక్కపెట్టు. ఒక రాత్రి నొప్పులొచ్చిన పిల్లను అంబులెన్సులో తెస్తా ఉంటే, ఒక కూడలిలో నలభై నిమిషాలు చక్రం కదల్లేదు. బిడ్డ నా చేతుల్లో, బండిలోనే పుట్టింది. ఆ పొద్దు ఎవరన్నా వచ్చి, తోటలో నాలుగు చెట్లు కొడితే దారి దొరుకుతుందంటే నేనే గొడ్డలి పట్టి ఉందును."

నేను మాట్లాడలేకపోయాను. తోటను కాపాడాలనేవారు ఈ మాట వినాలి. దారి లేక నలిగిపోయేవాళ్ళ బాధ కల్పన కాదు.

ఆమే మళ్ళీ అన్నది: "సొరంగమంటే నాకు భయం లేదు. మా నాయన, తాత మైళ్ళ లోతున పనిచేసినోళ్ళు. రాయి ఎప్పుడు ఊరుకుంటుందో, ఎప్పుడు ఊరుకోదో మా ఇంట్లో తెలుసు. గనిలో ఒక్కోసారి రాయి పగిలితే పైన మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. అయినా తవ్వేది తవ్వేదే. నేనడిగేది వేరే. ఆ సొరంగంలో నా బస్సు పోతుందా?"

స్కూటర్లకు అందులో ప్రవేశం ఉండదని, కారులకు సుంకం ఉంటుందని పత్రికల్లో చదివినట్టు చెప్పాను.

"అయితే ఇది నాకోసం కాదు" అన్నది. కొంతసేపు బండమీది చారను వేలితో రాస్తూ కూర్చున్నది. "రేపటినుంచి నేను కాఫీ మానేస్తా. అది నాది కాబట్టి మానేస్తా. ఎదురింటామె చేతిలో కాఫీ లాగేసుకొని, నేను ఉపవాసముండా అని చెప్పుకుంటే ఫాదరు ఒప్పుకుంటాడా? ఊరికోసం ఏదో ఒకటి వదులుకోవాల అంటారు గదా, వదలమను. కారున్నోళ్ళు కారు వదలనీ. ఈ తోట మనదా వదిలేదానికి? హైదరలీదీ కాదు, మనదీ కాదు. ఆ చిన్నపిల్ల అడిగే ప్రశ్నలు అయిపోయినాయా?"

ఆ పోలిక నాకు నచ్చింది. అయితే దానితో అంబులెన్సు ప్రశ్న తీరిపోయిందని నేననను. ఆమె కూడా అనలేదు. మెట్రో సంగతి నేనే ఎత్తాను. 2009లో మెట్రో రైలుకోసం లాల్‌బాగు అంచున కొంత నేల తీసుకున్నారు. గోడ కొట్టివేసి చెట్లు నరికినప్పుడు చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2017లో ఆ దారిన రైలు నడిచింది. ఆనాటి ఉదయం మేమిద్దరం వచ్చింది ఆ రైల్లోనే. మెజెస్టిక్ వరకు ఆమె బస్సులో వచ్చింది. అక్కడ కలుసుకొని రైలెక్కాం. ఈ మాట దాచి తోటగురించి మాట్లాడటం న్యాయం కాదు.

"రైల్లో వేయిమంది పోతారు" అన్నది ఆమె. "ఆ అంచు పోయినందుకు నాకిప్పటికీ దిగులే. కాని వేయిమంది పోతారు. తీసుకొనేటోడు ఎంతమందికోసం తీసుకుంటా ఉండాడో చెప్పాల. అంతే."

దీనిని కాపాడటానికి చట్టం లేకపోలేదు. ఉద్యానాల సంరక్షణకు కర్ణాటకలో 1975నాటి చట్టమే ఉన్నది. 1998లో కబ్బన్ పార్కులో కొంత భాగాన్ని రక్షిత ప్రదేశంనుంచి తొలగించబోయినప్పుడు కూడా జనం వీధిలోకి వచ్చారు. చట్టం కాగితంమీద ఉంటుంది. దాన్ని గుర్తుచేసే గొంతు బయట ఉండాలి.

నా సంచిలో దిద్దవలసిన కాగితాలు, వాటితో నాలుగు తెల్ల కాగితాలు ఉన్నాయి. ఒక ఉత్తరం రాద్దామన్నది స్నేహితురాలు. ఎవరికి అన్నాను. నిర్ణయించేవాళ్ళకు అన్నది. ఏ భాషలో? "వాళ్ళు చదివే భాషలో. నేను చెప్తా, నువ్వు రాయి." ఆమెకు కన్నడం మాట బాగా వచ్చు, రాత రాదు. నాకు రాత వచ్చు, మాట పుస్తకం వాసన వేస్తుంది. ఇద్దరం కలిస్తే ఒక కన్నడ మనిషవుతాం.

మూడువందల కోట్ల ఏళ్ళ రాతిమీద కాగితం పెట్టి రాయడం అంత తేలిక కాదు. కలం ప్రతి గరుకుకూ దూకుతుంది. నా కింద చందమామ కథల పుస్తకమొకటి పెట్టుకొని రాశాను. శిలాస్మారకం అని నేను రాయబోతే ఆమె ఆపింది. "బండె అని రాయి చాలు. బండె అంటే వాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు." అట్లాగే రాశాను. ముప్ఫై ఏళ్ళు హెబ్బాళనుంచి, జయనగరంనుంచి ఈ ఊరి ఆసుపత్రులకూ బడులకూ తిరిగిన ఇద్దరు ఆడవాళ్ళమని, మా రద్దీ మాకు తెలుసునని, బస్సులు పెంచమని, రైళ్ళు పెంచమని, సొరంగం వేయక తప్పదనుకుంటే దాని నోరు తోటలో తెరవవద్దని. పదకొండు వాక్యాలు. కింద ఆమె తన పేరు తెలుగులో సంతకం చేసింది. నేనూ తెలుగులోనే చేశాను.

ప్రధాన ద్వారం దాటిన తరువాత కవరు, బిళ్ళలు కొని, తపాలాపెట్టె కోసం కొంతదూరం వెతకవలసి వచ్చింది. ఈ కాలంలో అదొక పని. దొరికినాక ఆమె ఉత్తరాన్ని లోపలికి జారవిడిచి, చెవి దగ్గరగా పెట్టింది.

"పడిన చప్పుడు వినపడిందా?"

"వినపడింది."

"సరే. ఇంక కాఫీ."

మావళ్ళిలో 1924నుంచి ఉన్న ఫలహారశాల అక్కడికి దగ్గరే. యుద్ధకాలంలో బియ్యం దొరకనప్పుడు రవ్వతో ఇడ్లీ చేయడం అక్కడే మొదలైందని చెబుతారు. ఎప్పటిలాగే బయట వరుస. మా వంతు రావడానికి ముప్పావు గంట పట్టింది. రవ్వ ఇడ్లీ తిన్నాం. కాఫీ వచ్చింది. ఆమె మాట్లాడకుండా, కళ్ళు మూసుకొని, చివరి చుక్కదాకా తాగింది. తరువాత కప్పు కింద పెట్టి నావైపు చూసింది. నేను నా కప్పును ఆమె ముందుకు జరిపాను. అదీ తాగింది.